యూనిట్ - 9 : ప్రతికూల వాతావరణంలో భారీ నిర్మాణ యంత్రాల సురక్షిత నిర్వహణ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ప్రతికూల పరిస్థితి అంటే ఏమిటి?
9.3 ఎండ, వడగాడ్పు
 9.3.1 మనిషి మీద ప్రభావం
 9.3.2 యంత్రం మీద ప్రభావం
9.4 దుమ్ము
9.5 వాన, నేల బలం
9.6 గాలి, పిడుగు, కరెంటు తీగలు
9.7 చలి, ఎత్తైన ప్రదేశాలు
9.8 పని ఆపే నిర్ణయం
9.9 సారాంశం
9.10 ముఖ్య పదాలు
9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
9.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

• ఎండ, దుమ్ము, వాన, గాలి, చలి అనేవి యంత్రం సామర్థ్యాన్ని ఎలా మారుస్తాయో వివరించగలుగుతారు.
• వడదెబ్బ లక్షణాలను గుర్తించి, తక్షణం చేయవలసిన పనులు చెప్పగలుగుతారు.
• క్రేన్ కాలు కింద నేలపై పడే ఒత్తిడిని, ఎత్తిన బరువుపై గాలి చూపే బలాన్ని లెక్కకట్టగలుగుతారు.
• పని ఎప్పుడు ఆపాలో ముందే హద్దులు రాసుకోవలసిన అవసరాన్ని చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

పొక్లెయిన్, డోజర్, టిప్పర్, రోలర్, క్రేన్ వంటి యంత్రాల రకాలనూ, వాటి పనితీరునూ గత యూనిట్లలో చదివారు. ఫలానా క్రేన్ ఇన్ని టన్నులు ఎత్తుతుంది, ఫలానా టిప్పర్ ఇంత మట్టి మోస్తుంది అని అక్కడ కొన్ని అంకెలు చూశారు. ఆ అంకెలన్నీ కొన్ని షరతులకు లోబడినవి. నేల గట్టిగా, సమతలంగా ఉండాలి. గాలి వేగం తయారీదారు చెప్పిన హద్దులో ఉండాలి. ఇంజన్‌కు తగినంత గాలి, రేడియేటర్‌కు తగినంత చల్లదనం అందాలి. నడిపే మనిషి తెలివితో, ఓపికతో ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా పట్టికలో ఉన్న అంకె నిజం కాకుండా పోతుంది. యంత్రం మీద అతికించిన రేకు మాత్రం పాత అంకెనే చూపిస్తూ ఉంటుంది.

ప్రతికూల వాతావరణంలో జరిగే ప్రమాదాలకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది. వాతావరణం చెడ్డగా ఉన్నంత మాత్రాన ప్రమాదం జరగదు. మంచి వాతావరణానికి వేసిన లెక్కతోనే చెడ్డ వాతావరణంలోనూ పని కొనసాగించినప్పుడు జరుగుతుంది. ఈ యూనిట్ అంతటా ఈ విషయాన్ని గుర్తుంచుకోండి.

9.2 ప్రతికూల పరిస్థితి అంటే ఏమిటి?

మనిషి, యంత్రం, నేల అనే మూడింటిలో కనీసం ఒకదాని శక్తిని తగ్గించే పరిసర స్థితిని ప్రతికూల పరిస్థితి అనవచ్చు. ఎండ మనిషినీ యంత్రాన్నీ కలిపి దెబ్బతీస్తుంది. వాన ముఖ్యంగా నేలను బలహీనపరుస్తుంది. గాలి యంత్రం మీద కొత్త బరువు మోపుతుంది. దుమ్ము ఇంజన్‌ను, ఊపిరితిత్తులను, చూపును ఒకేసారి పట్టుకుంటుంది. ఎత్తైన మంచు ప్రాంతాల్లో ప్రాణవాయువు తగ్గి మనిషీ, ఇంజనూ రెండూ నీరసిస్తాయి.

సైట్‌లో ఏ పరిస్థితి ఎదురైనా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది మనిషిని ఏం చేస్తోంది? యంత్రాన్ని ఏం చేస్తోంది? కింద ఉన్న నేలను ఏం చేస్తోంది? ఈ మూడింటికి సమాధానం దొరికితే తీసుకోవలసిన జాగ్రత్తలు చాలావరకు వాటంతట అవే తేలుతాయి.

9.3 ఎండ, వడగాడ్పు

మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి పెరిగితే భారత వాతావరణ శాఖ దాన్ని వడగాడ్పుగా పరిగణిస్తుంది. మామూలుతో పోల్చకుండానే 45 డిగ్రీలు తాకితే వడగాడ్పు, 47 తాకితే తీవ్ర వడగాడ్పు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వారే. మన దగ్గర వానలు రాకముందే మట్టిపని పూర్తి చేయాలన్న తొందర కూడా సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే ఉంటుంది. అందువల్ల ఈ అంశాన్ని మనం మిగతావాటికంటే వివరంగా తెలుసుకోవాలి.

9.3.1 మనిషి మీద ప్రభావం

శరీరం చెమట ఆర్చుకుని చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు. అందుకే 38 డిగ్రీల విశాఖపట్నం ఒక్కోసారి 43 డిగ్రీల రామగుండం కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టవచ్చు. థర్మామీటర్ చూపే ఒక్క అంకె మీద ఆధారపడకూడదనేది ఇందుకే. ఈ లోపాన్ని సరిదిద్దడానికి తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్, నల్లగోళం థర్మామీటర్, మామూలు థర్మామీటర్ రీడింగులను కలిపి ఒక సూచిక వాడతారు. ఆరుబయట పనికి దాని లెక్క ఇది:

సూచిక = 0.7 × తడి ఉష్ణోగ్రత + 0.2 × నల్లగోళం ఉష్ణోగ్రత + 0.1 × పొడి ఉష్ణోగ్రత

తడి ఉష్ణోగ్రతకు పదింట ఏడు వంతుల ప్రాధాన్యం ఇచ్చారు. చెమట ఆరడం శరీరానికి ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎండ దెబ్బ మొదట అలసట, తలనొప్పి, కండరాల తిమ్మిర్లు, కళ్లు తిరగడంగా కనిపిస్తుంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మాట తడబడుతూ, మనిషి పొంతన లేకుండా ప్రవర్తిస్తుంటే అది వడదెబ్బ. ఇది ప్రాణాపాయ స్థితి. చెమట పట్టడం ఆగితేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. శ్రమ చేస్తూ వడదెబ్బ తగిలిన మనిషికి చెమట పడుతూనే ఉండవచ్చు.

యంత్రం నడిపేవారి విషయంలో ఇంకొక కీలకమైన అంశం ఉంది. ఎండ వల్ల త్వరగా దెబ్బతినేది విచక్షణ. దూరం అంచనా తప్పుతుంది, లివర్ మీద చేయి ఆలస్యంగా కదులుతుంది. ఆ స్థితిలో ఉన్న మనిషికి తాను ఆ స్థితిలో ఉన్నానని తెలియదు. కాబట్టి 'నీకు బాగా లేకపోతే చెప్పు' అని ఆపరేటర్‌కు చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఇద్దరిద్దరిని జతచేసి, ఒకరినొకరు గమనించుకునే ఏర్పాటు ఉండాలి.

క్యాబిన్‌లో ఏసీ ఉంటే ఎండ సమస్య తీరినట్లేనని కాంట్రాక్టర్లు భావిస్తుంటారు. ఆపరేటర్ చల్లగా కూర్చుంటే సిగ్నల్ ఇచ్చే మనిషి, గ్రీజు పెట్టే హెల్పర్, టేపు పట్టుకున్న కూలీ ఎండలోనే నిలబడతారు. సిగ్నల్ ఇచ్చే మనిషికి కళ్లు తిరిగితే ప్రమాదం చేసేది క్యాబిన్‌లో ఉన్న ఆపరేటర్ చేతిలోని బకెట్టే. అందువల్ల విశ్రాంతి వేళలు జట్టు మొత్తానికి వర్తించాలి.

పాటించవలసిన పద్ధతులు:

• ప్రతి 15–20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగాలి. దాహం వేసే దాకా ఆగకూడదు. చెమట ఎక్కువ పోయినప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ ద్రావణం మేలు చేస్తాయి. ముందురోజు రాత్రి తాగిన మద్యం మరునాడు ఒంట్లో నీటిని తగ్గిస్తుంది.
• వేడికి అలవాటు లేని కొత్త మనిషికి మొదటి రోజు ఎండలో పని మామూలులో ఐదో వంతు మాత్రమే ఇచ్చి, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచాలి. సెలవు తరువాత తిరిగివచ్చిన పాతవారికి నాలుగు రోజుల్లో వరుసగా 50, 60, 80, 100 శాతం ఇవ్వాలి.
• బరువైన పనులు తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండు గంటలలోపు ముగించాలి. మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు యంత్రాల తనిఖీ, నీడన చేసే మరమ్మతులు పెట్టుకోవాలి.
• వడదెబ్బ అనుమానం వస్తే 108కు ఫోన్ చేసి, ఆలోపే మనిషిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. మెడ, చంకలు, గజ్జల దగ్గర మంచు లేదా చల్లని తడిగుడ్డలు ఉంచాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

9.3.2 యంత్రం మీద ప్రభావం

రేడియేటర్ బయటికి పంపగల వేడి, కూలెంట్‌కూ బయటి గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 90 డిగ్రీల వద్ద ఉందనుకుందాం. బయట 30 డిగ్రీలుంటే తేడా 60. బయట 45 డిగ్రీలుంటే తేడా 45. అంటే రేడియేటర్ పాడైపోకపోయినా, ఒక్క చుక్క కూలెంట్ కారకపోయినా, దాని శక్తి నాలుగో వంతు తగ్గిపోయింది. దీనికి రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము, ఎండుగడ్డి కూడా చేరితే ఇంజన్ వేడెక్కక తప్పదు. కాబట్టి వేసవిలో రేడియేటర్‌ను రోజూ లోపలి నుంచి బయటికి గాలి కొట్టి శుభ్రం చేయాలి. వేడిగా ఉన్నప్పుడు మూత తీయకూడదు. లోపల ఒత్తిడిలో ఉన్న నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

హైడ్రాలిక్ ఆయిల్ వేడెక్కిన కొద్దీ పలుచబడుతుంది. సీళ్ల పక్క నుంచి జారిపోయి బూమ్ నెమ్మదిస్తుంది. ఎత్తి ఉంచిన బకెట్ తనంతట తాను మెల్లగా దిగవచ్చు. ఆయిల్ 80 డిగ్రీలు దాటితే సీళ్ల ఆయుష్షు వేగంగా తరుగుతుంది. ఎత్తిన బకెట్ కింద నిలబడకూడదన్న నియమం ఏ కాలంలోనైనా ఉన్నదే. వేసవిలో దానికి ఈ అదనపు కారణం కూడా ఉంది.

టైర్లలో గాలిని ఉదయం, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నడిచిన తరువాత ఒత్తిడి పెరగడం సహజం. అది ఎక్కువగా ఉందని గాలి తీసేస్తే, టైరు చల్లబడ్డాక గాలి తక్కువై, మరుసటి ప్రయాణంలో మరింత వేడెక్కుతుంది. ఓపెన్‌కాస్ట్ గనుల్లో పెద్ద డంపర్ టైర్లకు మోసే బరువు, నడిచే వేగం రెండూ కలిపి హద్దు పెట్టడానికి కారణం కూడా ఈ వేడే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. బయటి ఉష్ణోగ్రత 30 నుంచి 40 డిగ్రీలకు పెరిగితే, కూలెంట్ 90 డిగ్రీల వద్ద ఉన్న రేడియేటర్ శక్తి సుమారు ఎంత భాగం తగ్గుతుంది?
2. వేడెక్కిన టైరు నుంచి గాలి ఎందుకు తీయకూడదు?

9.4 దుమ్ము

క్వారీల్లో, రోడ్డు పనుల్లో రేగే దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనిపించని సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతుకు చేరి సిలికోసిస్ కలిగిస్తాయి. ఈ వ్యాధి నయం కాదు, నివారించవలసిందే. డ్రిల్లింగ్‌కు నీటిని వాడడం, క్యాబిన్ అద్దాలు మూసి ఉంచడం, బయట పనిచేసేవారికి ఎన్95 లేదా అంతకంటే మేలైన మాస్కులు ఇవ్వడం కనీస జాగ్రత్తలు. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు సన్నని రేణువులను ఆపలేదు.

ట్యాంకర్‌తో రోడ్డు తడపడం మంచిదే కానీ, అది కూడా లెక్క తప్పితే ప్రమాదమే. వాలు మీద నీళ్లు మరీ ఎక్కువగా చల్లితే లోడుతో దిగే టిప్పర్ జారుతుంది. వాలుల మీద నీటిని విడతలుగా, మధ్యలో ఖాళీలు వదులుతూ చల్లాలి. ముందు వెళ్లే బండి రేపిన దుమ్ములో ఏమీ కనిపించనప్పుడు వెనుక బండి ఆగి, దుమ్ము అణిగాకే కదలాలి.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో మన సైట్లలో రెండు దురలవాట్లు ఉన్నాయి. ఒకటి, ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టి దులపడం. దానివల్ల కాగితం చిరిగి, కంటికి కనిపించని దారి ఏర్పడుతుంది. రెండోది, గంట గంటకూ విప్పి చూడడం. విప్పిన ప్రతిసారీ కొంత దుమ్ము లోపలికి పోతుంది. ఫిల్టర్ పూడుకుపోయిందని సూచిక చూపినప్పుడే విప్పాలి. లోపలి భద్రతా ఫిల్టర్‌ను శుభ్రం చేయకూడదు, మార్చాలి.

9.5 వాన, నేల బలం

నల్లరేగడి మన ప్రాంతంలో విస్తారంగా ఉంది. ఇందులోని మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని నెర్రెలు వేస్తుంది. మే నెలలో లారీని మోసిన ఆ నేలే జూలైలో మనిషి కాలును కూడా పట్టుకుంటుంది. ఎండాకాలంలో యంత్రం నిలిచిన చోటే వానాకాలంలోనూ నిలుస్తుందని అనుకోవడం పెద్ద పొరపాటు.

నేల మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కవేద్దాం. ఒక క్రేన్ బరువు ఎత్తుతున్నప్పుడు దాని ఒక కాలు మీద 20 టన్నుల భారం పడుతోంది. కాలి కింది పలక 0.4 మీటర్ల చదరం.

పలక వైశాల్యం = 0.4 × 0.4 = 0.16 చదరపు మీటర్లు
ఒత్తిడి = 20 ÷ 0.16 = చదరపు మీటరుకు 125 టన్నులు

మెత్తటి బంకమన్నుకు సురక్షిత భార సామర్థ్యంగా సాధారణంగా తీసుకునే విలువ చదరపు మీటరుకు 10 టన్నుల దరిదాపు. నల్లరేగడికి స్థిరమైన విలువ ఇవ్వరు, పరీక్షించి నిర్ణయించాలి. అంటే ఈ పలకను నేరుగా తడినేల మీద ఆనిస్తే, నేల మోయగలిగే దానికంటే పన్నెండు రెట్లు ఎక్కువ భారం పెట్టినట్లు. దాని కింద 1.2 మీటర్ల చదరపు దృఢమైన మ్యాట్ వేస్తే ఒత్తిడి 20 ÷ 1.44 = 13.9 టన్నులకు దిగుతుంది. ఇదీ చాలదు. 1.5 మీటర్ల మ్యాట్ వేస్తే 20 ÷ 2.25 = 8.9 టన్నులు. ఇప్పుడు హద్దులోకి వచ్చాం. మ్యాట్ వంగకుండా గట్టిగా ఉంటేనే ఈ లెక్క చెల్లుతుందని మరవకండి. సైట్‌లో దొరికిన నాలుగు చెక్క ముక్కలు పేర్చి కాలు ఆనించడం వల్ల ఈ ప్రయోజనం కలగదు.

పోలికగా చూడండి. 20 టన్నుల పొక్లెయిన్‌కు 0.6 మీటర్ల వెడల్పు, 3.6 మీటర్ల పొడవు నేలకు ఆనే రెండు చైన్లు ఉంటే, మొత్తం వైశాల్యం 4.32 చదరపు మీటర్లు, సగటు ఒత్తిడి 4.6 టన్నులు మాత్రమే. చైన్ బండి బురదలో నిలవడానికీ, టైర్ల బండి దిగబడడానికీ కారణం ఇదే. అయితే బూమ్ చాచి తవ్వేటప్పుడు ఈ భారం ముందు అంచుకు చేరి, అక్కడ ఒత్తిడి సగటు కంటే చాలా పెరుగుతుంది.

వానాకాలంలో పాటించవలసినవి:

• 1.5 మీటర్ల కంటే లోతైన గుంతకు గోడలు కూలకుండా ఆపు పెట్టాలి లేదా మెట్లుగా, వాలుగా తవ్వాలి. తవ్విన మట్టిని, యంత్రాన్ని అంచుకు దూరంగా ఉంచాలి. వాన వెలిసిన ప్రతిసారీ మళ్లీ చూడాలి. అంచుకు సమాంతరంగా సన్నని పగులు కనిపిస్తే గట్టు కదలడం మొదలైందని అర్థం. మనుషులను, యంత్రాలను వెంటనే పక్కకు తప్పించాలి.
• టిప్పర్ తొట్టి ఎత్తేముందు వెనుక టైర్లు రెండూ సమానంగా, గట్టి నేల మీద ఉన్నాయో లేదో చూడాలి. తడిసిన మట్టి తొట్టికి అంటుకుని ఒకవైపే జారదు. అదే సమయంలో ఒక టైరు కుంగితే బండి పక్కకు పడిపోతుంది.
• డంపింగ్ అంచున చక్రం ఎత్తులో కనీసం సగం ఎత్తుకు మట్టికట్ట వేయాలి. ఆ కట్ట ఆపరేటర్‌కు అంచును తెలిపే గుర్తు. చక్రాన్ని ఆనించి ఆపుకునే గోడ కాదు. తడిసినప్పుడు అసలే కాదు.
• వాలు మీద నిటారుగా ఎక్కాలి, దిగాలి. అడ్డంగా నడపకూడదు. బకెట్‌ను నేలకు దగ్గరగా ఉంచాలి.
• వాగులో, కాలువ అడుగున రాత్రిపూట యంత్రాన్ని వదలకూడదు. ఇక్కడ చుక్క పడకపోయినా ఎగువన వాన పడితే లేదా గేట్లు ఎత్తితే నీరు వచ్చేస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. క్రేన్ కాలు మీద 18 టన్నులు పడుతున్నాయి. నేల సామర్థ్యం చదరపు మీటరుకు 8 టన్నులు. కనీసం ఎంత వైశాల్యం గల మ్యాట్ కావాలి?

9.6 గాలి, పిడుగు, కరెంటు తీగలు

గాలి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగు రెట్లవుతుంది. గాలి పీడనానికి వాడే సూత్రం:

పీడనం (చదరపు మీటరుకు న్యూటన్లు) = 0.6 × వేగం × వేగం (వేగం సెకనుకు మీటర్లలో)

గంటకు 18 కిలోమీటర్లు: 15 న్యూటన్లు
గంటకు 36 కిలోమీటర్లు: 60 న్యూటన్లు
గంటకు 54 కిలోమీటర్లు: 135 న్యూటన్లు
గంటకు 72 కిలోమీటర్లు: 240 న్యూటన్లు

10 చదరపు మీటర్ల షట్టరింగ్ పలకను క్రేన్ ఎత్తుతోందనుకుందాం. గంటకు 36 కిలోమీటర్ల గాలిలో దాన్ని పక్కకు నెట్టే బలం 600 న్యూటన్లు, అంటే సుమారు 61 కిలోల తోపు. గాలి 72కు పెరిగితే 2,400 న్యూటన్లు, అంటే సుమారు 245 కిలోలు. ఎత్తే బరువు మారలేదు, పక్కతోపు మారింది. క్రేన్ పట్టికలోని టన్నులు బరువు బూమ్ కొస కింద నిట్టనిలువుగా వేలాడుతున్నప్పటివి. బూమ్‌కు పక్కతోపును తట్టుకునే శక్తి తక్కువ. కాబట్టి బరువు ఎంత అన్నదానితోపాటు దాని వైశాల్యం ఎంత అని కూడా అడగాలి. రేకులు, పలకల వంటివి తేలికైనా గాలిలో తెరచాపలా పనిచేస్తాయి.

1999 జూలై 14న అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒక బేస్‌బాల్ స్టేడియం పైకప్పు భాగాన్ని ఎత్తుతూ ఒక భారీ క్రేన్ కూలిపోయింది. ఆ భాగం బరువు 400 టన్నులకు పైనే. గాలి ఈదరగా వీస్తున్న రోజున, అంత విశాలమైన భాగం మీద పడే గాలి బలాన్ని సరిగా లెక్కలోకి తీసుకోకుండా ఎత్తడం ప్రధాన కారణంగా తేలింది. మరో క్రేన్‌కు వేలాడే బుట్టలో ఉన్న ముగ్గురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అంత పెద్ద క్రేన్‌నే కూల్చిన గాలికి మన సైట్లలో తిరిగే హైడ్రా ఒక లెక్క కాదు.

తుపాను ముందు చేయవలసిన పని వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 170 కిలోమీటర్లు మించింది. ఆ వేగానికి పీడనం సుమారు 1,340 న్యూటన్లు, అంటే 36 కిలోమీటర్ల గాలి కంటే ఇరవై రెండు రెట్లు. అటువంటి హెచ్చరిక వచ్చినప్పుడు మొబైల్ క్రేన్ బూమ్‌ను దించి పడుకోబెట్టాలి. టవర్ క్రేన్ జిబ్‌ను తయారీదారు చెప్పినట్లు గాలివాటుకు తిరిగేలా వదలాలి. దాన్ని కదలకుండా బిగిస్తే గాలి పూర్తి బలం మాస్ట్ మీద పడుతుంది. పట్టాల మీద నడిచే క్రేన్లను మాత్రం పట్టాలకు లంగరు వేసి బంధించాలి.

ఉరుము వినిపిస్తే ఎత్తైన బూమ్‌ను దించి పని ఆపాలి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాల వరకు మళ్లీ మొదలుపెట్టకూడదు. అన్నివైపులా మూసి ఉన్న ఇనుప క్యాబిన్‌లో తలుపులు వేసుకుని కూర్చోవడం మేలు. యంత్రాన్ని ఆనుకుని నిలబడడం ప్రమాదకరం.

గాలివానలో తీగలు ఊగుతాయి, స్తంభాలు ఒరుగుతాయి. ఎత్తిన టిప్పర్ తొట్టి గానీ, బూమ్ గానీ కరెంటు తీగకు తగిలితే ఆపరేటర్ క్యాబిన్‌లోనే ఉండి, ఎవరినీ దగ్గరికి రావద్దని అరిచి చెప్పాలి. సరఫరా ఆపే వరకు దిగకూడదు. మంటలు వచ్చి దిగక తప్పని పరిస్థితిలో యంత్రాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ కలిపి దూకి, కాళ్లు విడదీయకుండా గెంతుతూ దూరంగా పోవాలి. నేలలో కరెంటు ప్రవహిస్తున్నప్పుడు రెండు పాదాల మధ్య దూరం పెరిగిన కొద్దీ షాక్ పెరుగుతుంది.

9.7 చలి, ఎత్తైన ప్రదేశాలు

సరిహద్దు రహదారుల సంస్థ పనులు జరిగే లడఖ్ వంటి చోట్లకు దేశం నలుమూలల నుంచి ఇంజనీర్లు, ఆపరేటర్లు వెళ్తారు. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో సుమారు 65 శాతమే. 19,024 అడుగుల ఎత్తున రోడ్డు వేసిన ఉమ్‌లింగ్ లా వద్ద అది సగానికి పడిపోతుంది.

టర్బో లేని డీజిల్ ఇంజన్ ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. నీరు లేహ్‌లో సుమారు 88 డిగ్రీలకే మరుగుతుంది. అందువల్ల రేడియేటర్ మూత ఒత్తిడిని సరిగా పట్టి ఉంచాలి. చలికి డీజిల్‌లోని మైనం గట్టిపడి ఫిల్టర్ మూసుకుపోతుంది. ఇందుకోసమే ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో మైనస్ 33 డిగ్రీల వరకు ప్రవహించే శీతాకాల డీజిల్‌ను లడఖ్‌కు అందించింది. ట్యాంకు కింద మంట పెట్టి డీజిల్ కరిగించడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. స్టార్ట్ చేశాక హైడ్రాలిక్ ఆయిల్ వెచ్చబడే వరకు ఖాళీ బకెట్‌ను నెమ్మదిగా కదిలించాలి. సాయంత్రం చైన్ల మధ్య బురదను తొలగించి, చెక్కల మీద నిలపాలి. లేకుంటే తెల్లవారేసరికి చైన్లు నేలకు గడ్డకట్టుకుపోతాయి.

మైదానం నుంచి విమానంలో నేరుగా దిగిన మనిషిని ఆ రోజే యంత్రం ఎక్కించకూడదు. కొన్ని రోజులు అలవాటు పడనివ్వాలి. తలనొప్పి, వాంతులు, నిద్రలేమి ఎత్తు పడకపోవడానికి గుర్తులు. మగత, తడబాటు, విశ్రాంతిలో కూడా ఆయాసం ఉంటే వెంటనే కిందికి దించి వైద్యం అందించాలి.

9.8 పని ఆపే నిర్ణయం

ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలు అనుభవం ఉన్న ఏ ఆపరేటర్‌కూ కొత్తవి కావు. తెలిసి కూడా ఎందుకు ప్రమాదాలు జరుగుతున్నాయన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు డబ్బు లెక్కలో ఉంది. చాలా యంత్రాలు గంటల లెక్కన అద్దెకు నడుస్తాయి. యంత్రం ఆగితే యజమానికి బ్యాంకు వాయిదా ఆగదు. ఆపరేటర్‌కు బత్తా పోతుంది. కాంట్రాక్టరుకు గడువు దాటిన జరిమానా భయం. 'ఇంకొక్క అరగంట' అనే మాట ఈ ఒత్తిళ్ల నుంచే పుడుతుంది. ఆ క్షణంలో, ఆ ఒత్తిడిలో, అందరికంటే తక్కువ అధికారం ఉన్న మనిషి మీదే ఆపే బాధ్యత పెడితే అతను ఆపలేడు.

అందువల్ల నిర్ణయాన్ని ఆ క్షణానికి వదలకుండా ముందే తీసుకోవాలి. పని మొదలయ్యే ముందే హద్దులను కాగితం మీద రాసి, సైట్ ఆఫీసు గోడకు అంటించాలి. ఉదాహరణకు:

• గాలి: తయారీదారు చెప్పిన హద్దులో మూడు వంతులకు చేరితే పెద్ద వైశాల్యం గల బరువులు ఎత్తడం బంద్. హద్దు చేరితే అన్ని ఎత్తుడు పనులూ బంద్. బూమ్ కొసన గాలి కొలిచే పరికరం ఉండాలి.
• ఎండ: వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇచ్చిన రోజు పనివేళల మార్పు. రెడ్ హెచ్చరిక రోజు మధ్యాహ్నపు ఆరుబయట పని బంద్.
• వాన: రాత్రి వాన పడితే గట్లు, దారులు చూసి ఇంజనీరు సంతకం చేసే వరకు యంత్రాలు కదలవు.
• చూపు: సిగ్నల్ మనిషి కనిపించకపోతే యంత్రం ఆగిపోతుంది. దీనికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇలా రాసి పెట్టినప్పుడు 'నాకు భయంగా ఉంది' అని ఆపరేటర్ చెప్పుకోనవసరం లేదు. 'అంకె దాటింది' అంటే చాలు. ధైర్యానికి సంబంధించిన విషయం కొలతకు సంబంధించిన విషయంగా మారుతుంది.

దీనికి డబ్బు ఏర్పాటు కూడా తోడవ్వాలి. నెలవారీ అద్దె ఒప్పందాల్లో కనీస గంటలకు చెల్లింపు రాసుకునే పద్ధతి ఉంది. వాతావరణం వల్ల ఆగిన గంటలను అందులో చేర్చడం, ఆ గంటలకు ఆపరేటర్, హెల్పర్ల కూలి కోయకపోవడం, గడువు పెంపు నిబంధనను టెండరులోనే పెట్టడం వంటి మార్గాలున్నాయి. ఆగిన గంటకు కూలి ఇవ్వని సైట్‌లో భద్రతా బోర్డులు ఎన్ని పెట్టినా ఫలితం తక్కువ.

చట్టం కూడా ఇందుకు తోడ్పడుతుంది. భవన, ఇతర నిర్మాణ కార్మికుల కోసం 1996లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ దాన్ని తనలో కలుపుకుంది. తీవ్రమైన ప్రమాదం ముంచుకొస్తోందని సహేతుకంగా భావించిన కార్మికుడు యజమాని దృష్టికి తెచ్చే హక్కును ఈ కోడ్ గుర్తించింది. రేపు మీలో కొందరు సూపర్‌వైజర్లు, ఇంజనీర్లు కావచ్చు. అప్పుడు ఒక ఆపరేటర్ వచ్చి 'సార్, నేల కుంగుతోంది' అంటే, ముందు యంత్రం ఆపించి తరువాత కారణం అడగండి. ఆ మాట అబద్ధమైతే పోయేది ఒక గంట. నిజమై, మనం వినకపోతే పోయేది తిరిగిరాదు.

9.9 సారాంశం

యంత్రం సామర్థ్యం స్థిరమైన అంకె కాదు. అది మనిషి, యంత్రం, నేల స్థితులను బట్టి మారుతుంది. ఎండలో మనిషి విచక్షణ, రేడియేటర్ శక్తి రెండూ తగ్గుతాయి. దుమ్ము ఊపిరితిత్తులను, ఇంజన్‌ను దెబ్బతీస్తుంది. తడిసిన నేల మీద ఒత్తిడిని మ్యాట్లతో విస్తరించాలి. గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. ఎత్తైన ప్రదేశాల్లో పలుచని గాలి ఇంజన్‌నూ మనిషినీ నీరసింపజేస్తుంది. పని ఆపే హద్దులను ముందే రాసుకుని, ఆగిన గంటకు కూలి భద్రత కల్పించినప్పుడే జాగ్రత్తలు అమలవుతాయి.

9.10 ముఖ్య పదాలు

భార సామర్థ్యం : కుంగకుండా, కూలకుండా నేల మోయగల ఒత్తిడి.
మ్యాట్ : క్రేన్ కాలి కింద భారాన్ని విస్తరించడానికి వేసే దృఢమైన చెక్క లేదా ఉక్కు పలక.
వడదెబ్బ : శరీరం లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి స్పృహ, ప్రవర్తన దెబ్బతినే ప్రాణాపాయ స్థితి.
సిలికోసిస్ : సిలికా దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు వచ్చే నయం కాని వ్యాధి.
మట్టికట్ట : డంపింగ్ అంచును సూచించడానికి వేసే కట్ట.

9.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. తేడా 60 నుంచి 50కి తగ్గుతుంది. కాబట్టి శక్తి ఆరో వంతు, అంటే సుమారు 17 శాతం తగ్గుతుంది.
2. చల్లబడ్డాక గాలి తక్కువవుతుంది. తక్కువ గాలితో నడిచిన టైరు మరింత వేడెక్కి దెబ్బతింటుంది.
3. 18 ÷ 8 = 2.25 చదరపు మీటర్లు. అంటే కనీసం 1.5 మీటర్ల చదరపు మ్యాట్ కావాలి.

9.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. అధిక ఉష్ణోగ్రత ఆపరేటర్ మీద, యంత్రం మీద చూపే ప్రభావాలను వివరించండి.
2. ప్రతికూల వాతావరణంలో పని ఆపే నిర్ణయాన్ని ముందే తీసుకోవలసిన అవసరాన్ని ఆర్థిక కారణాలతో సహా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. 12 చదరపు మీటర్ల పలకపై గంటకు 54 కిలోమీటర్ల గాలి చూపే బలాన్ని లెక్కకట్టి, క్రేన్‌పై దాని ప్రభావాన్ని తెలపండి.
2. నల్లరేగడి నేలల్లో వానాకాలం తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
3. మీ ఊరి దగ్గర జరుగుతున్న ఏదైనా నిర్మాణ పనిని పరిశీలించి, అక్కడి పరిస్థితులకు తగిన నాలుగు నిలిపివేత హద్దులు రాయండి.